ఎక్స్ అనుకునే ముందు

ఎమ్మిగనూరు నుంచి వచ్చే బస్సు ఆదోని పొలిమేరలో జిన్నింగు మిల్లుల దగ్గరికి చేరిందంటే, కళ్లు మూసుకుని ఉన్నా నాకు తెలిసిపోతుంది. పత్తిగింజలు నలిగిన వాసన కిటికీలోంచి లోపలికి వస్తుంది. అందులో కొంచెం నూనె, కొంచెం దుమ్ము, ఎండలో మగ్గిన గోనెసంచుల కమురు. పత్తి బాగా వచ్చే నెలల్లో దాంతోపాటు దూదిపింజలు కూడా ఎగిరొచ్చి జుట్టుకు అంటుకుంటాయి. పక్క సీటువాళ్లు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నేను మాత్రం రోజూ ఆ మలుపులో గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను. ఎమ్మిగనూరు స్కూల్లో పొద్దుటి నుంచి పిల్లలతో అరిచి అరిచి అలసిపోయిన ఒంట్లోకి కాస్త ప్రాణం వచ్చినట్టుంటుంది. మిగతావాళ్లకు అది మిల్లుల వాసన. నాకు బీజగణితం వాసన. పదో తరగతి లెక్కలన్నీ ఆ గాలి పీలుస్తూనే నేర్చుకున్నాను, మెహరున్నీసా టీచరమ్మ ఇంటి వసారాలో.

ఆమె ఇల్లు ఆ మిల్లుల వెనక సందులో ఉండేది. ప్రభుత్వ హైస్కూల్లో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాక, బట్టల కొట్టు నడిపే తమ్ముడి కుటుంబంతో కలిసి ఉండేవారు. సాయంత్రాలు వసారాలో మాకు ట్యూషన్. మిల్లు నడుస్తున్నంతసేపూ ఆ చప్పుడుకు తలుపు గొళ్లేలు కూడా సన్నగా వణికేవి. అలాంటిచోట పాఠం చెప్పేవాళ్లెవరైనా గొంతు పెంచుతారు. ఆమె తగ్గించేవారు. ఆమె మాట వినబడాలంటే మేమందరం ముందుకు వంగి కూర్చోవాలి, ఇక అల్లరికి తీరికెక్కడిది? పొట్టి మనిషి. తలమీది కొంగు జారినప్పుడల్లా సర్దుకుంటూ, లెక్క ఎక్కడ ఆపారో అక్కడి నుంచే అందుకునేవారు. తప్పు చేస్తే తిట్టేవారు కాదు. "మళ్లీ సెప్పు బేటా" అని ఆ తప్పును మన నోటితోనే ఇంకోసారి చెప్పించేవారు. రెండోసారి చెప్తున్నప్పుడు మన తప్పు మన చెవికే వినబడేది. దీనికన్నా రెండు దెబ్బలు వేసినా బాగుండేదని నేను చాలాసార్లు అనుకున్నాను.

వసారాలో బోర్డు లేదు. నేలంతా నల్లటి నాపబండలు, మా వైపు ఇళ్లలో ఉండేవే. ఒక్కో పిల్లకూ పిల్లవాడికీ ఒక్కో బండ. చాక్‌పీసుతో దానిమీదే లెక్క చేయాలి, అయ్యాక తడిగుడ్డతో తుడవాలి. పక్కవాళ్ల బండ మీదికి పోకూడదు. బండలో పట్టని లెక్క ఎక్కడో దారి తప్పినట్టేనని ఆమె నమ్మకం. నాకు దక్కింది గుమ్మం పక్కన మూల విరిగిన బండ. దానివల్ల నాకు చోటు తక్కువైందని ఒకసారి ఫిర్యాదు చేశాను. "అయితే నువ్వు తక్కువ రాయి" అన్నారు, అంతే. బండ మాత్రం మార్చలేదు. ఫీజు విషయంలోనూ అంతే ఖచ్చితం. ఒకటో తారీఖు వస్తే అడిగేవారు, ఆలస్యమైతే మళ్లీ మళ్లీ అడిగేవారు. కాకపోతే ఆదోని మొత్తంలో ఆలస్యమైనా వడ్డీ పెరగని బాకీ టీచరమ్మ ఫీజొక్కటేనని మా వెనక వరుసలో నవ్వుకునేవాళ్లం.

ఆమె దగ్గర చేరిన కొత్తలోనే నేనొక ఘనకార్యం చేశాను. పుస్తకంలో లెక్క ఇలా ఉంది: ఒక వ్యక్తి పదివేల రూపాయలను రెండు భాగములుగా చేసి ఒక భాగమును ఎనిమిది శాతము, మిగిలిన భాగమును పన్నెండు శాతము వడ్డీకి ఇచ్చెను. సంవత్సరమునకు మొత్తము తొమ్మిది వందల అరవై రూపాయల వడ్డీ వచ్చిన, ఒక్కొక్క భాగమెంత? సూచన, ఒక భాగమును ఎక్స్ అనుకొనుము. ఆ పుస్తకం రాసినవాళ్లు మా ఊరివాళ్లు కారు. మా ఊళ్లో వడ్డీ అంటే నెలకే. నూటికి నెలకు ఒక రూపాయైతే రూపాయి వడ్డీ, రెండైతే రెండు రూపాయల వడ్డీ. అక్షరాలు రాని మనిషి కూడా వడ్డీని అట్లాగే చెప్తాడు. ఏడాదికి ఇంత శాతం అనే మాట నేను బ్యాంకు గోడ మీద తప్ప ఎవరి నోటా వినలేదు. అందుకని ఎనిమిదినీ, పన్నెండునూ బుద్ధిగా పన్నెండేసి నెలలతో గుణించి, ఎక్స్ అనుకుని, లెక్క చేసుకుంటూ పోయాను. పదివేలలో మొదటి భాగం ఇరవై ఎనిమిది వేలని తేలింది. రెండో భాగం మైనస్ పద్దెనిమిది వేలు.

ఇంకెవరైనా అక్కడ ఆగి, ఎక్కడో తప్పు జరిగిందని బండ తుడిచేసేవాళ్లు. నేను ఆగలేదు. మైనస్ ఏమిటని టీచరమ్మ అడిగితే, ఆయన బయట పద్దెనిమిది వేలు అప్పు తెచ్చి, తన పదివేలకు కలిపి, మొత్తం వడ్డీకి ఇచ్చాడని ధైర్యంగా చెప్పాను. పన్నెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఎనిమిది రూపాయలకు ఇచ్చాడా అని ఆమె అడిగారు. అవునన్నాను. ఆమె కళ్లజోడు తీసి, కొంగుతో కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, మళ్లీ నవ్వారు. "ఆ మారాజు ఆదోనిలో యే వీధిలో ఉంటాడో సెప్పు బేటా. మీ నాయనను పంపిద్దాం, ఎనిమిదికి తెచ్చుకుంటాడు" అన్నారు. పిల్లలందరూ పడీపడీ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది.

కానీ ఆమె నన్ను బండ తుడవనివ్వలేదు. అందరినీ పిలిచి చూపించారు. గుణకారం సరిగ్గా ఉంది, తీసివేత సరిగ్గా ఉంది, ఎక్కడా తప్పు లేదు, కానీ ఇట్లాంటి మనిషి లోకంలో ఉండడు అన్నారు. లెక్క సరిపోయినా మనిషి సరిపోకపోతే అది జవాబు కాదట. ఆరోజు నుంచి మాకొక కట్టుబాటు వచ్చింది. "పుస్తకం ఎక్స్ అనుకొనుము అంటాది. అనగానే అనుకోవద్దు. నీకు తెలియనిది ఏందో ముందు తెలుగులో సెప్పు. దుడ్లు ఇచ్చేది ఎవరో, వడ్డీ కట్టేది ఎవరో సెప్పు. ఆ తర్వాత అనుకుందువు." ఈ రెండు వాక్యాలూ బండ పైభాగంలో రాయనిదే ఆమె కింద సమీకరణం వైపు చూసేవారు కాదు. పుస్తకంలో ఒక వ్యక్తి అని తప్ప ఏ పేరూ ఉండదు కాబట్టి మేమే కల్పించేవాళ్లం. ఎనిమిది శాతం కట్టేది బ్యాంకు. పన్నెండు శాతం కట్టేది మిరపకాయ బజ్జీల బండి రంగన్న. ఒక పిల్లవాడైతే ప్రతి లెక్కలోనూ వడ్డీ కట్టే మనిషిగా మా స్కూలు డ్రిల్లు మాస్టారినే పెట్టేవాడు. సరదాగా ఉండేది. దానివల్ల లెక్కలు త్వరగా వస్తాయనే తప్ప ఇంకేదైనా ఉందని మాకెవరికీ తోచలేదు.

టీచరమ్మ వడ్డీ ముట్టరని, బ్యాంకులో తన పొదుపు మీద పడిన వడ్డీని కూడా ఎవరికో ఇచ్చేస్తారని సందంతటికీ తెలుసు. అది ఆమె ధర్మం. ఒకసారి నేను ఉండబట్టలేక, వడ్డీ తీసుకోని మీరు వడ్డీ లెక్కలు ఇంత బాగా ఎట్లా చెప్తారని అడిగేశాను. వెనక నుంచి ఎవరో నా జడ లాగారు. ఆమెకేమీ కోపం రాలేదు. "నాకు షుగరుంది కదా బేటా. పండగకు మా ఇంట్లో షీర్ ఖుర్మా చేసేది నేనే. నేను తిననని చక్కెర కొలత తెలియకుంటే ఎట్లా?" అన్నారు. ఆ తర్వాత వచ్చిన పండక్కి మా అందరికీ గ్లాసుల్లో పోసిచ్చారు కూడా. కొలత సరిగ్గానే ఉంది.

ఇదంతా ఇంతటితో అయిపోతే నేను ఆమెను ఒక మంచి టీచరుగా తలుచుకుని ఊరుకునేదాన్ని. పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్న రోజుల్లో మా ఇంట్లోకి లక్ష రూపాయలొచ్చాయి. నాన్న పుట్టి పెరిగింది ఎమ్మిగనూరులో, మగ్గాల ఇంట్లో. నేతపని గిట్టుబాటు కాక ఆదోని వచ్చి ఒక జిన్నింగు మిల్లులో కాటా దగ్గర కుదురుకున్నాడు. తాత పోయాక అన్నదమ్ములు ఆ మగ్గాల ఇల్లు అమ్మితే నాన్న వాటాకు వచ్చిన సొమ్ము అది. మా ఇంట్లో అంత సొమ్ము ఒక్కసారి ఎప్పుడూ చూడలేదు. అది నా చదువుకేనని నాన్న ఆరోజే అన్నాడు. కర్నూల్లో హాస్టలున్న ఒక ప్రైవేటు కాలేజీ ఉంది. అక్కడ చదివితే ఇంజనీరింగు సీటు ఖాయమని అందరూ అనేవాళ్లు. హాస్టలుతో కలిపి ఏడాదికి ఇరవై తొమ్మిది వేలు. అసలు కదలకుండా వడ్డీతోనే ఆ ఫీజు కట్టాలని నాన్న ఆలోచన. నేనైతే అప్పటికే మనసులో పెట్టె సర్దేసుకున్నాను. హాస్టలు గదిలో కిటికీ ఎటువైపు ఉంటుందో కూడా ఊహించుకున్నాను.

ఎమ్మిగనూరులో నాన్న చిన్ననాటి స్నేహితుడొకాయన ఫైనాన్సు నడిపేవాడు. డిపాజిట్టు పెడితే నెలకు మూడు రూపాయల వడ్డీ ఇస్తానన్నాడు. పోస్టాఫీసు ఇచ్చేది ఏడాదికి ఎనిమిది శాతం. మొత్తం ఒకేచోట పెట్టడం నాన్నకు ఇష్టం లేదు. ఒక సాయంత్రం అన్నం తింటూ, "పద్మా, ఏడాదికి ఇరవై తొమ్మిది వేలు రావల్ల. పోస్టాఫీసులో ఎంత పెట్టల్ల, ఫైనాన్సులో ఎంత పెట్టల్ల? మీ టీచరమ్మ చెప్పిన లెక్కేగా ఇది" అన్నాడు. నా ఆనందానికి హద్దు లేదు. పుస్తకంలోని ఆ ఒక వ్యక్తి మా నాన్నే అయ్యాడు. మర్నాడు ట్యూషనుకు అందరికన్నా ముందు పోయి నా విరిగిన బండ మీద మొదలుపెట్టాను. లక్షా ఫైనాన్సులో పెడితే ఏడాదికి ముప్పై ఆరు వేలు. పోస్టాఫీసుకు మార్చిన ప్రతి వందకూ ఇరవై ఎనిమిది రూపాయలు తగ్గుతాయి. తగ్గాల్సింది ఏడు వేలు. అంటే ఇరవై ఐదు వేలు పోస్టాఫీసులో, డెబ్బై ఐదు వేలు ఫైనాన్సులో. మూడును పన్నెండుతో గుణించినందుకు ఈసారి ఎవరూ నవ్వడానికి వీల్లేదు.

టీచరమ్మ లెక్క చూసి బాగుందన్నారు. పైన నేను రాసిన వాక్యం దగ్గర ఆగారు. రెండు వేలు కట్టేది పోస్టాఫీసు, ఇరవై ఏడు వేలు కట్టేది ఫైనాన్సాయన అని రాశాను. ఆయనకు ఆ ఇరవై ఏడు వేలు యాడ నుంచి వస్తాయని అడిగారు. నాకెట్లా తెలుస్తుంది టీచరమ్మా, ఆయన ఎవరికో ఇస్తాడు, వాళ్లు కడతారు అన్నాను. "ఆ ఎవరో ఎవరు?" అన్నారు. తెలియదన్నాను. "అయితే ఇందులో తెలియనివి రెండుండాయి బేటా. నీ దగ్గర సమీకరణం ఒక్కటే ఉంది." అంతే, పక్క బండ దగ్గరికి వెళ్లిపోయారు. నాకు ఒళ్లు మండింది. సమాధానం వచ్చాక కూడా రాలేదనడం ఏమిటి? ఇంటికొచ్చి ఆ మాట నాన్నతో ఫిర్యాదుగానే చెప్పాను. ఆయన దాన్ని ఫిర్యాదుగా తీసుకోలేదు. బస్తాలో చేయి పెట్టి చూడకుండా కాటా ఎక్కించే అలవాటు లేని మనిషి. అడిగితే పోయేదేముంది, ఆదివారం అడిగొస్తానన్నాడు.

ఆ ఆదివారం ఎమ్మిగనూరులో జరిగింది నాన్న నోటి నుంచి విన్నదే. స్నేహితుడు టీ తెప్పించి, బాగా మర్యాద చేశాడట. సొమ్ము ఎవరికి ఇస్తావని నాన్న అడిగితే దాచలేదు. ఆలూరు వైపు పల్లెల్లో సేద్యం చేసేవాళ్లకు ఐదు రూపాయల వడ్డీకి ఇస్తాడు, ఒక్క పైసా ఎక్కడా ఆగదు. నాన్నకు ఇంకా ధైర్యం కలగాలని ఆయనే ఒక పేరు చెప్పాడు. "మీ బామ్మర్ది తిమ్మప్ప లేడా? అరవై వేలు తీసుకుని రెండేండ్లయింది. వానొచ్చినా రాకున్నా నెల తప్పకుండా వడ్డీ కడతాండాడు." నాన్న టీ తాగి, ఆలోచించి చెప్తానని బస్సెక్కాడు.

తిమ్మప్ప మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఇల్లరికం పోయి, ఆలూరు దగ్గర అత్తవాళ్ల ఊళ్లో శెనక్కాయ, పత్తి వేసేవాడు. బోరు వేయించాడని, నీళ్లు పడలేదని మాకు తెలుసు. ఆ బోరు దేంతో వేయించాడో తెలియదు. నాన్న మధ్యాహ్నం ఇంటికొచ్చేసరికి అమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. చెంబెడు నీళ్లు తాగి, జరిగినదంతా నెమ్మదిగా చెప్పాడు. అమ్మ చేట కింద పెట్టేసింది. వాడు నాతో ఒక్క మాట అనలేదని గొణుక్కుంది. నాన్న నావైపు చూడలేదు. "అంటే పద్మ ఫీజు కట్టేది తిమ్మప్ప" అన్నాడు. మామ ఎట్లాగూ కడుతున్నాడు కదా, మన సొమ్ము అక్కడ పెట్టినా పెట్టకపోయినా ఆయన కట్టేది తగ్గదు కదా అనే మాట నా నాలుక చివర దాకా వచ్చింది. లెక్క ప్రకారం అది నిజం కూడా. అమ్మ మొహం చూసి మింగేశాను.

వారం తిరగకముందే నాన్న అరవై వేలు పట్టుకెళ్లి మామ అప్పు తీర్చేశాడు. పంటలు పండినప్పుడు అసలు ఇస్తే చాలు, వడ్డీ మాట ఎత్తొద్దన్నాడు. నీ బిడ్డ సదువు దుడ్లు నాకొద్దు బావా అని మామ ఊరంతా వినేటట్టు ఏడ్చాడట. మిగిలిన నలభై వేలు పోస్టాఫీసులో వేశారు. ఏడాదికి వచ్చేది మూడు వేల రెండు వందలు. కర్నూలు సంగతి ఇక ఎవరూ ఎత్తలేదు. నాకు చెప్పాల్సిన పని కూడా లేకపోయింది, లెక్క నాకు వచ్చు కదా. నాన్న మీద కోపం రాలేదు, మామ మీద రాలేదు. టీచరమ్మ మీద వచ్చింది. ఆమె ఆ ఒక్క ప్రశ్న అడగకపోయి ఉంటే మామ బాకీ మాకు తెలిసేదే కాదు, నేను కర్నూలు పోయేదాన్ని. ట్యూషను మానేశాను. పరీక్షలు నెత్తిమీదున్నాయని అమ్మ మొత్తుకున్నా కదల్లేదు.

నాలుగైదు రోజులు చూసి ఆమే వచ్చారు. మా ఇల్లు ఊరికి అవతలి కొసన ఉంటుంది. ఎండలో నడిచొచ్చి, బురఖా తీసి కొక్కేనికి తగిలించి, అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, సంగతంతా అమ్మ నోట విన్నారు. నా కోసం రాలేదన్నట్టు జొన్నల ధర గురించి కాసేపు మాట్లాడారు. ఆఖరికి నా పక్కకొచ్చి కూర్చున్నారు. మిల్లు చప్పుడు లేని చోట కూడా ఆమె గొంతు అంత చిన్నదేనని ఆరోజు తెలిసింది. "నేను అడిగింది లెక్క కోసం. లోపల మీ మామ ఉంటాడని నాకు తెలియదు" అన్నారు. "నా మాట వల్ల నీ సదువు పోయింది అనుకుంటాండావా?" అని అడిగారు. అవునన్నాను. అమ్మ కంగారుపడి నన్ను కసరబోతే చేత్తో వారించారు. "అనుకో బేటా. కోపం ఉంచుకో. ట్యూషన్ మాత్రం మానొద్దు. రేపు నీ బండ ఖాళీగా ఉండకూడదు." ఆమె నన్ను ఓదార్చలేదు. అంతా మన మంచికేననే మాట కూడా అనలేదు. ఆ మాట అనుంటే నేను మళ్లీ ఆ గడప తొక్కేదాన్ని కాదు. మర్నాడు పోయాను. కోపం కూడా వెంట తీసుకునే పోయాను, అది చాలా నెలలు ఉంది.

మర్నాడు నా బండ మీద ఆమె ఇచ్చిన లెక్క ఇప్పటికీ గుర్తుంది. లక్షలో కొంత సున్నా శాతానికి, మిగతాది ఎనిమిది శాతానికి ఇస్తే మూడు వేల రెండు వందలు వచ్చిన, ఒక్కొక్క భాగమెంత? ఏ పుస్తకంలోనూ సున్నా శాతానికి ఇచ్చే మనిషి ఉండడు. పైన రెండు వాక్యాలు రాయమన్నారు. సున్నా కట్టేది మా మామ అని రాశాను. చేయడానికి చాలా తేలికైన లెక్క అది. ఆమె దిద్దకుండానే తలూపి ముందుకు పోయారు.

ఆ ఫైనాన్సు తర్వాత మునిగిపోయిందని చెప్తే వినడానికి బాగుంటుంది. మునగలేదు. పేరు మార్చుకుని ఇంకా పెద్దదయింది. అందులో మూడు రూపాయల వడ్డీకి పెట్టిన మా పక్కింటివాళ్ల అబ్బాయి అదే కర్నూలు కాలేజీలో చదివి మంచి ఉద్యోగంలో ఉన్నాడు. నేను ఆదోనిలోనే ప్రభుత్వ కాలేజీలో చదివి, డిగ్రీ చేసి, లెక్కల టీచరునయ్యాను. ఇంజనీరు కాలేదనే దిగులు ఉండేదా అంటే ఉండేది. అబద్ధం చెప్పడమెందుకు. మామ బాకీ తీరడానికి చాలా ఏళ్లు పట్టింది, వానలు అట్లాంటివి. చేతిలో నాలుగు దుడ్లు ఆడినప్పుడల్లా వచ్చి కొంత ఇచ్చేవాడు, వెంట ఒక సంచి శెనక్కాయలు దించేవాడు. ఆ సంచి వడ్డీ కిందికి వస్తుందా రాదా అని నాకు అనుమానం వచ్చి టీచరమ్మను అడిగాను. ఆమె నవ్వలేదు, నిజంగానే ఆలోచించారు. మీరు అడిగి తీసుకున్నారా అన్నారు. లేదన్నాను. "అయితే కాదు. నాకూ రెండు దోసిళ్లు పట్టుకురా" అన్నారు. ప్రతి ఏడూ పట్టుకెళ్లాను. నా కోపం ఎప్పుడు పోయిందో సరిగ్గా చెప్పలేను గానీ, ఆ శెనక్కాయలు వలుస్తూ మేమిద్దరం కబుర్లు చెప్పుకునే రోజులకు అది లేదు.

ఆమె పోయి కొన్నేళ్లయింది. చివరి రోజుల్లో చూపు బాగా తగ్గింది. నేను వెళ్తే ఉద్యోగం ఎట్లా ఉంది, జీతం ఎంత అని ఎప్పుడూ అడగలేదు. మీ మామ బాగుండాడా, ఈ ఏడు పంట ఎట్లా ఉంది అని అడిగేవారు. మామను ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. లెక్కలో కనబడిన మనిషిని అంతకాలం గుర్తుపెట్టుకున్నారు. ఆ వసారాలో ఇప్పుడు తెల్లటి టైల్సు వేశారు, తమ్ముడి మనవళ్లు దానిమీద సైకిలు తొక్కుతారు.

నా క్లాసులో ఇప్పుడు ఆ లెక్క ఇస్తే పిల్లలు ఇంటి దగ్గర ఫోనులో ఫొటో తీసి క్షణంలో జవాబు తెచ్చేస్తారు. అందుకే జవాబు అడగను. రెండు వాక్యాలు అడుగుతాను. తెలియనిది ఏమిటి, కట్టేది ఎవరు. వాళ్లూ మాలాగే పేర్లు కల్పిస్తారు, సినిమా హీరోలు, క్రికెట్ ఆటగాళ్లు, ఒక్కోసారి నా పేరు కూడా. ఈమధ్య ఒకరోజు బెంచీల మధ్య తిరుగుతూ చూస్తుంటే, పల్లె నుంచి ఆటోలో వచ్చే రేణుక అనే అమ్మాయి రెండో వాక్యం దగ్గర, కట్టేది మా నాయన అని రాసింది. ఆటకు రాసినట్టు లేదు. నేను చూశానని తెలిసి అరచేయి అడ్డం పెట్టుకుంది. ఈ ప్రశ్న ఒక ఇంటి మీదికి ఏం తెస్తుందో నాకు తెలుసు. తెలిసీ ఏళ్ల తరబడి పిల్లలను అడుగుతున్నాను. క్లాసులో ఏమీ అనకుండా, సాయంత్రం రేణుకను పిలిచి, వీలైతే మీ నాయనను ఒకసారి రమ్మనమని చెప్పాను.

ఆయన శనివారం సాయంత్రం స్కూలు వదిలాక వచ్చాడు. ఎండకు మాడిన, బక్కపలుచని మనిషి. కూతురు ఏదో తప్పు చేసిందనుకుని గుమ్మం దగ్గరే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోబెట్టడానికే కొంతసేపు పట్టింది. బాకీ సంగతి నాకెందుకు చెప్పాలని ఆయన అనుకుంటే అది న్యాయమే. అందుకని ఎంత తెచ్చావు, ఎవరి దగ్గర తెచ్చావు అని అడగలేదు. "నీకు తెలియనిది ఏందన్నా?" అని అడిగాను. ఆయన ఆ మాటకు కొంచెం తెల్లబోయాడు. "కడతానే ఉండానమ్మా. ఎంత కట్టినానో తెలుసు. ఇంగ ఎంత ఉందో తెల్దు. ఆ మాట అప్పిచ్చిన ఆయప్పను అడిగితే కోపం సేస్కుంటాడని అడగలేదు" అన్నాడు. లెక్క కట్టి చూద్దామా అన్నాను. ఎంతో తెలిస్తే మాత్రం ఏమైతదమ్మా అన్నాడు. కట్టాల్సింది లెక్కతో తగ్గదు, ఆ సంగతి నాకన్నా ఆయనకే బాగా తెలుసు.

నేను ఏదో చెప్పబోయేలోపు రేణుక లేచి, నా బల్ల మీది చాక్‌పీసు తీసుకుని బోర్డు దగ్గరికి పోయింది. నాయన ఇంకా కట్టాల్సింది ఎక్స్ అని పైన రాసింది. దాని కింద కొంచెం చోటు వదిలి, వెనక్కి తిరిగింది. "నాయనా, మొదట తెచ్చినప్పుడు ఎంత తెచ్చినావు?" అని అడిగింది. ఆ ఇంట్లో ఆ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగి ఉండరు. ఆయన నావైపు చూశాడు, కిటికీ వైపు చూశాడు. తర్వాత కుర్చీ కాస్త ముందుకు జరుపుకుని, నాకు కాదు, కూతురికి చెప్పడం మొదలుపెట్టాడు.